భుజాలు వెడల్పు, తుంటి సన్నం: ట్రాన్స్ అమ్మాయికి ఎలాంటి బట్టలు నప్పుతాయి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్తే. నేను ట్రాన్స్ మహిళని, వయసు 27. హార్మోన్లు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. వచ్చే నెల నుంచి ఆఫీసుకి నా పేరుతో, నాకు నచ్చిన బట్టల్లో వెళ్లబోతున్నాను. ఆఫీసులో అందరూ బాగానే సహకరిస్తున్నారు. టెన్షన్ అంతా బీరువా తెరిచినప్పుడే. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, భుజం 17 ఇంచులు, తుంటి సన్నం, పొట్ట దగ్గర కొంచెం ఒళ్లు. ఆన్‌లైన్‌లో తెప్పించిన కుర్తీలు భుజాల దగ్గర పట్టేస్తున్నాయి. పెద్ద సైజు తెప్పిస్తే గోనెసంచి తొడుక్కున్నట్టు ఉంటోంది. జీన్స్ మీద టాప్ వేస్తే అద్దంలో పాత మనిషే కనిపిస్తోంది.

రెండు నెలల్లో బాబాయి కూతురి పెళ్లి కూడా ఉంది. చీర కట్టుకుని వెళ్లాలని గట్టిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఖర్చు మరీ ఎక్కువ పెట్టలేను.

జవాబు (విజయవాడ నుంచి, టైలరింగ్ చేసే అక్క)

చెల్లీ, నేనూ ట్రాన్స్ మహిళనే. చాలా ఏళ్లుగా జాకెట్లు, కుర్తీలు కుడుతున్నాను. మన అమ్మాయిలు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు కాబట్టి నీ బాధ ఎక్కడుందో తెలుసు. నీ ఒంట్లో లోపం లేదు. రెడీమేడ్ కుర్తీలు కుట్టేవాళ్లు భుజం తక్కువ, తుంటి ఎక్కువ అని లెక్కేసుకుని కత్తిరిస్తారు. నీకు ఆ లెక్క తిరగబడింది, అంతే.

అందుకే రెడీమేడ్ కొనేటప్పుడు భుజం చూసి కొనుక్కో. భుజం కుట్టు నీ ఎముక చివర కూర్చోవాలి, చేయి పైకెత్తితే చంక పట్టకూడదు. అది సరిపోతే చాలు, నడుము ఎంత లూజున్నా పర్వాలేదు. పక్క కుట్లు లోపలికి వేయించడం ఏ వీధి టైలరైనా చేస్తాడు, ఖర్చూ తక్కువే. భుజం చిన్నదైతే మాత్రం ఎవరూ పెంచలేరు.

రెండోది నడుము. ఇన్నేళ్లు ప్యాంటు తుంటి మీదికి జారేసి వేసుకున్న అలవాటు ఉంటుంది కదా, పలాజో అయినా లంగా అయినా నీ చెయ్యి అక్కడికే పోతుంది. అద్దం ముందు నిలబడి పక్కకి వంగు. ఒళ్లు మడత పడే చోటే నీ అసలు నడుము. చాలామందికి బొడ్డుకి ఒకటి రెండు ఇంచుల పైన వస్తుంది. ఏది కట్టినా అక్కడ కట్టు. అక్కడి నుంచి కిందికి బట్ట విచ్చుకుంటే తుంటి దానంతట అదే వచ్చినట్టు కనిపిస్తుంది. జీన్స్‌లో పాత మనిషి కనిపించడానికి కారణం ఇదే. ఆ కట్టింగ్ తుంటి మీద మొదలై కాళ్లకి అతుక్కుని దిగుతుంది, దాంతో పైనున్న వెడల్పే కంటికి తగులుతుంది. చుడీదార్ ప్యాంటూ, లెగ్గింగూ అంతే. పలాజో, పటియాలా, నడుము దగ్గర కుచ్చులు పెట్టిన కాటన్ లంగా, నడుము నుంచి ఘేర్ (కిందికి విచ్చుకునే వెడల్పు) ఉన్న అనార్కలీ, ఏ లైన్ కుర్తీ ఇవన్నీ నీకు బాగుంటాయి. అనార్కలీలో ఒక సంగతి చూసుకో. నీది పొడుగు ఒళ్లు కాబట్టి రెడీమేడ్ దాంట్లో నడుము కుట్టు ఛాతీ కిందికే వచ్చి ఆగిపోతుంది. అది బాగోదు. కుట్టించుకుంటే భుజం నుంచి నడుము దాకా కొలిచి చెప్పు.

మెడ, చేతుల దగ్గరే ఎక్కువ తేడా వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. వి నెక్, లోతైన యు నెక్ నిలువు గీత ఇస్తాయి, భుజం తగ్గినట్టు ఉంటుంది. బోట్ నెక్ ఈ భుజం నుంచి ఆ భుజానికి అడ్డగీత గీస్తుంది. వెనక వైపు కూడా మర్చిపోకు. మట్కా నెక్ అడుగున వెడల్పై వీపుని ఇంకా పరుస్తుంది, సన్నటి యు కానీ వి కానీ చాలు. బుట్ట చేతులు వద్దు. భుజం దగ్గర కుచ్చు లేకుండా, మోచేతి దాకానో త్రీ ఫోర్త్‌గానో చెయ్యి పెట్టించు. చేతికి జరీ అంచు వేయించాలనుకుంటే ఆ అంచు మోచేతి దగ్గర పడాలి. జబ్బ మీద పడిందంటే అందరి చూపూ జబ్బ మీదే. మెడకి అతుక్కునే నెక్లెస్ కంఠం దగ్గరికి చూపు లాగుతుంది, పొడుగు చైన్ కిందికి దించుతుంది.

రంగులు నీ ఇష్టం. ఒక్కటే గుర్తుంచుకో, పైన ముదురు, మెరుపు లేని బట్ట, కింద లేత రంగు లేదా పెద్ద పువ్వులు. బ్రొకేడ్ మెరుస్తుంది కాబట్టి ఉన్నదానికన్నా వెడల్పుగా చూపిస్తుంది.

జవాబు (హైదరాబాద్ నుంచి)

నేను ట్రాన్స్ కాదు, కానీ నాదీ మీ ఎత్తే, ఐటీ ఉద్యోగమే. ఆఫీసుకి మొదట్లో ఎక్కువ కొనకండి. రెండు పలాజోలు, ఒకటి నలుపు, ఒకటి లేత గోధుమ రంగు. వాటి మీదికి నాలుగు కాటన్ కుర్తీలు. ఏది దేని మీదైనా సరిపోయేలా ఉంటే పొద్దున్నే ఆలోచించాల్సిన పని ఉండదు. చున్నీని రెండు భుజాల మీద వి లాగా వేస్తే వెడల్పు కనిపిస్తుంది. ఒకే భుజం మీద నిలువుగా వదిలి పిన్ను పెట్టండి. ముందు తెరిచి ఉండే పొడుగు ష్రగ్ కూడా అదే పని చేస్తుంది, ఏసీకి పనికొస్తుంది కూడా. మరో మాట, మీ టీమ్‌లో ఆడవాళ్లు మామూలు రోజున ఏం వేసుకుంటారో ఒక వారం గమనించండి. మొదటి రోజే పండగ బట్టల్లో వెళ్తే అందరి చూపూ బట్టల మీదే ఉంటుంది, మీకు పని మీద ధ్యాస కుదరదు.

జవాబు (విశాఖ నుంచి)

అక్కా, చెప్పినవన్నీ పనికొచ్చేవే. కానీ ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. నాది 5 అడుగుల 11, భుజాలు ఈ అమ్మాయి కన్నా వెడల్పు. నేను బోట్ నెక్ వేస్తాను, చీర మీదికి చేతుల్లేని జాకెట్టూ వేస్తాను, హీల్సూ వేస్తాను. ఎత్తుగా, భుజాలు నిటారుగా ఉన్న ఆడవాళ్లు మన ఊళ్లలో లేరా? వాలీబాల్ ఆడే అమ్మాయిలని చూడండి. ఎప్పుడూ దాచుకోవడమే పనిగా పెట్టుకుంటే నిలబడే తీరులోనే ఆ భయం కనిపిస్తుంది. వంగి నడిచే అమ్మాయికి ఎంత మంచి కట్టింగైనా నప్పదు. చెల్లీ, రూల్స్ తెలుసుకో, కానీ నీకు మనసుకి ఎక్కిన జాకెట్టు ఒకటి రూల్‌కి వ్యతిరేకంగా ఉంటే అదీ కుట్టించుకో.

జవాబు (విజయవాడ అక్క)

నువ్వన్నది నిజమే. నేను చెప్పింది దాచుకోమని కాదు, ఏ కట్టింగ్ ఎటు చూపు లాగుతుందో తెలియాలని. అది తెలిశాక భుజాలే చూపించాలనుకుంటే అలాగే కుట్టిస్తాం. కొత్త చోట మొదటి రోజుల్లో మాత్రం ఒంటికి హాయిగా ఉండి, మాటిమాటికీ సర్దుకోవాల్సిన పని లేని బట్టలే మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఇక్కడ టైలర్ దగ్గరికి వెళ్తే మొదటి మాటే ‘ఆది జాకెట్టు తెచ్చారా?’ అని అడిగారు. నా దగ్గర ఏముంటుంది? ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చేశాను. రెండు, పెళ్లికి అమ్మ తన వెంకటగిరి చీర ఇస్తానంది. తనంతట తనే ఇస్తానన్న చీర అది, ఎలాగైనా అదే కట్టుకోవాలి. కట్టి చూస్తే చీలమండ పైకి తేలిపోతోంది. మూడు, ఒక షాపులో ట్రయల్ రూమ్ అడిగితే ఏవేవో సాకులు చెప్పారు.

జవాబు (విజయవాడ అక్క)

ఆది అంటే కొలతల కోసం టైలర్‌కి ఇచ్చే, ఒంటికి సరిపోయిన జాకెట్టు. అది లేకపోతే తయారు చేసుకోవాలి. తక్కువ ఖరీదు కాటన్ బట్టతో ముందు ఒక జాకెట్టు కుట్టించు. వేసుకుని చేతులెత్తి, కూర్చుని, వంగి చూడు. ఎక్కడ పట్టేస్తే అక్కడ సరిచేయించు. సరిగ్గా కుదిరాక అదే నీ ఆది, ఇక ఏ టైలర్‌కైనా అది ఇస్తే చాలు. కొలతలకి వెళ్లేటప్పుడు పెళ్లి రోజు ఏ బ్రా వేసుకుంటావో, లోపల ప్యాడ్లు పెడితే అవి కూడా పెట్టుకునే వెళ్లు. ప్యాడ్లు లేకుండా కొలతలిచ్చి తర్వాత పెట్టుకుంటే హుక్కులు పట్టవు. బ్రాకి ఛాతీ కింద చుట్టుకొలత ముఖ్యం. మన వాళ్లకి పక్కటెముకల గూడు వెడల్పు కాబట్టి పట్టీ పెద్దది, కప్పు చిన్నది పడుతుంది, 38 ఎ, 40 బి లాగా. షాపులో కప్పు చూసి పట్టీ తగ్గించి ఇస్తారు, ఊపిరి ఆడదు.

టైలర్‌కి మూడు మాటలు చెప్పు. ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా కిందికి దిగే పొడుగు కుట్లున్నది) కావాలి, అప్పుడు ఛాతీ తక్కువున్నా ఆకారం నిలుస్తుంది. జాకెట్టు పొడవు మామూలుగా పెట్టే 14, 15 ఇంచులు నీకు సరిపోదు, 16 దాకా పెట్టమను. లోపల రెండు వైపులా కనీసం ఇంచున్నర బట్ట వదలమను. హార్మోన్లు మొదలయ్యాక రెండు మూడేళ్ల దాకా ఛాతీ పెరుగుతూనే ఉంటుంది, అప్పుడు కుట్టు విప్పుకుంటే అదే జాకెట్టు పనికొస్తుంది. అందుకే ఇప్పుడే పది జాకెట్లు కుట్టించకు. మగ్గం పని చేయించిన ఖరీదైన జాకెట్టు అసలే వద్దు.

ఇక అమ్మ చీర. చీర పన్నా, అంటే అంచు నుంచి అంచుకి వెడల్పు, సాధారణంగా 45 ఇంచులు అటూ ఇటూ ఉంటుంది. నువ్వు నడుము నుంచి నేల దాకా కొలుచుకో. దానికి దోపుకోవడానికి 3 ఇంచులు, చెప్పుల ఎత్తు కలుపు. నీ ఎత్తుకి 46, 47 దాకా వస్తుంది, అందుకే తేలింది. చీరని ఏమీ పాడు చేయకుండా దారి ఉంది. దోపుకునే వైపు అంచుకి అదే రంగు మెత్తటి కాటన్ పట్టీ, నాలుగు ఇంచుల వెడల్పుది, పైట మొదలయ్యే దాకా కుట్టించు. అదంతా లంగా లోపలికి పోతుంది, బయటికి దారం కూడా కనిపించదు. పెళ్లయ్యాక విప్పేసి అమ్మకి తిరిగి ఇచ్చేయొచ్చు. చేత్తో సన్నగా కుట్టమను, వెంకటగిరి నేత పల్చన, మిషన్ సూదికి చిరుగుతుంది. కింద ఫాల్ లేకపోతే అదీ వేయించు, కుచ్చిళ్లు బరువుగా నిలబడతాయి.

తుంటి సన్నం కాబట్టి చుట్టూ తిరిగాక బట్ట ఎక్కువ మిగిలి కుచ్చిళ్లు ఎక్కువ వస్తాయి. అన్నీ ముందే గుత్తిగా దోపితే పొట్ట ఎత్తుగా ఉంటుంది. ఒక్కో కుచ్చి కాస్త వెడల్పుగా పట్టి, సంఖ్య తగ్గించు. లంగా మటుకు సాటిన్‌ది వద్దు, గంజి పెట్టిన కాటన్ లంగా, కింద ఘేర్ ఉన్నది వేసుకో. తుంటి ప్యాడ్లు కావాలంటే లంగా కింద బిగుతు షార్ట్స్‌లో పెట్టుకోవచ్చు, కానీ మండపంలో గంటలు గంటలు కూర్చోవాలి, ముందు ఇంట్లో ఒక సాయంత్రం వేసుకుని చూడు. పైటని సన్నటి మడతలు పెట్టి పిన్ను చేస్తే భుజం నుంచి ఏటవాలుగా గీత దిగుతుంది. పిన్ను భుజం చివర కాకుండా మెడ వైపు రెండు వేళ్లు జరిపి పెట్టు. చీర కట్టడం రాకపోతే ఎవరినైనా పిలిపించుకో, కానీ పెళ్లికి ముందు వారం రోజూ ఇంట్లో కట్టుకుని మెట్లెక్కి దిగడం అలవాటు చెయ్యి.

తర్వాత నీకంటూ ఒక చీర కొనుక్కుంటే మంగళగిరి కాటన్ చూడు. కొత్తలో బిరుసుగా ఒంటికి కాస్త దూరంగా నిలబడుతుంది, సన్నటి తుంటికి అది మేలు. జార్జెట్, షిఫాన్ అతుక్కుంటాయి. కొనే ముందు షాపులోనే టేపు పెట్టించి పన్నా చూసుకో, 47, 48 ఉన్నవి కూడా దొరుకుతాయి.

జవాబు (వరంగల్ నుంచి)

ట్రయల్ రూమ్ సంగతి నేను చెప్తాను. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో తన జెండర్ తానే నిర్ణయించుకునే హక్కు మనిషికి ఉందని చెప్పింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 3వ సెక్షన్, అందరికీ అందుబాటులో ఉండే సేవలు, సౌకర్యాల విషయంలో వివక్షని నిషేధించింది. ఈ రెండూ గుర్తుంచుకోండి, మేనేజర్‌తో గొంతు పెంచకుండా మాట్లాడటానికి ధైర్యం వస్తుంది. అయితే పెళ్లి షాపింగ్‌కి వెళ్లిన రోజు గొడవ పడే ఓపిక ఎవరికి ఉంటుంది? వారం మధ్యలో, షాపు తెరిచిన గంటలో వెళ్లండి, జనం ఉండరు. తోడుగా స్నేహితురాలిని తీసుకెళ్లండి. ఒకసారి మర్యాదగా చూసిన షాపుని వదలొద్దు, సేల్స్ అమ్మాయి పేరు అడిగి పెట్టుకోండి. ఆన్‌లైన్ అయితే వాపసు తీసుకునే వాళ్ల దగ్గరే కొని, సైజు పేరు కాకుండా భుజం ఇంచులు చూడండి.

జవాబు (విశాఖ నుంచి)

గాజులు, చెప్పులు ఎవరూ చెప్పలేదు. గాజుల సైజు 2.4, 2.6, 2.8, 2.10 అని ఉంటుంది. చుక్క తర్వాత ఉన్నది ఇంచులో పదహారో వంతులు, అంటే 2.10 గాజు అడ్డం రెండు ఇంచుల మీద పదహారింట పది వంతులు. మామూలు షాపుల్లో 2.8 దాటి తక్కువే దొరుకుతాయి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్లి 2.10, 2.12 అడగండి. మట్టి గాజులు చేతికి ఎక్కకపోతే స్క్రూ తీసి పెట్టుకునే కడియాలు తీసుకోండి, మణికట్టు వెడల్పుకి సన్నవి నాలుగైదు కన్నా ఒక మోస్తరు లావుది బాగుంటుంది.

ఆడవాళ్ల చెప్పులు మన షాపుల్లో చాలావాటిలో 8తో ఆగిపోతాయి. మీ కాలు 9 అయితే కొల్హాపురీలు, జుత్తీలు మగవాళ్ల వైపు చూడండి, జరీ ఉన్నవి చీర కింద ఎవరికీ తేడా తెలియదు. హీల్స్ కావాలంటే సన్నటి మడమ కాకుండా బ్లాక్ హీల్, రెండు ఇంచుల లోపు. అక్క చెప్పిన పట్టీ కుట్టించే ముందే చెప్పులు కొనేయండి, ఆ ఎత్తు కలిపాకే పట్టీ ఎంతో తేలుతుంది.