సమస్యాపూరణం: "నీరు పోయకున్న నారు నిలిచె"

పృచ్ఛకుడు (కర్నూలు):

ఈ వారం సమస్య ఇది. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదంతో పద్యం ముగించాలి.

నీరు పోయకున్న నారు నిలిచె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, అంటే ఒక్కొక్కటి గురువు-లఘువు గానీ మూడు లఘువులు గానీ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ఏదని అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. నీ, నా అక్షరాలకు యతి చెల్లదు, ఇక్కడున్నది దానికి బదులుగా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి. నీరు, నారు రెండింటిలోనూ మొదట గురువు, ఆ వెంటనే రకారం.

ఈ పాదం నా నష్టం నుంచి పుట్టింది. శివరాత్రికి చలి శివశివా అని పోయింది కదా అని, కిటికీ దగ్గర నలభై రోజులు పెంచిన మిరప నారును ఒకేసారి మిద్దె మీద ఎండలో పెట్టాను. తలలు వాల్చింది. నీళ్ళు పోశాను. మళ్ళీ వాల్చింది, మళ్ళీ పోశాను. మూడో రోజుకు ఆకుల మీద తెల్ల కాగితం లాంటి మచ్చలు. మట్టిని తాకే చోట కాడ నల్లబడి, దారంలా సన్నబడి, ఒక్కో మొక్కా పక్కకు ఒరిగింది. 32 మొక్కల ట్రేలో మిగిలినవి 5. పక్కింటి పెద్దమ్మ నారు మాత్రం అదే ఎండలో నిటారుగా ఉంది. ఏం చేశావమ్మా అంటే, "వారం నుంచి నీళ్ళు సరిగ్గా పోయలేదు నాయనా" అంది.

నీళ్ళు లేకుండా నారు ఎలా నిలిచిందో మీరు చెప్పండి.

హంద్రీ ఒడ్డు:

కాడ గట్టి పడగ గడువిచ్చి వారంబు
మడిని తడుపు మాట మరచినట్లు
వేడికోర్చు గుణము వేళ్ళలో నింపగా
నీరు పోయకున్న నారు నిలిచె!

పృచ్ఛకుడు:

అన్నా, విషయాన్ని నేరుగా పట్టుకున్నారు. నాటడానికి వారం ముందు తడి తగ్గిస్తే మెత్తటి పెరుగుదల ఆగి, కాడ ముదురుతుంది. పీకి నాటినప్పుడు తట్టుకునేది ఆ ముదురు మొక్కే. మొదటి పాదంలో కా–గ యతి చక్కగా పడింది. ఒక్కటే లోటు. "మరచినట్లు" తరువాత "ఉండి" అనే క్రియ కావాలి, లేకపోతే అన్వయం గాలిలో వేలాడుతుంది. "మరచియుండి" అంటే గణాలూ సరిపోతాయి.

హంద్రీ ఒడ్డు:

అన్వయం మాట ఒప్పుకుంటాను. కానీ "మరచియుండి" అంటే నిజంగా మరిచిపోయినట్టే. నేను మరిచిపోలేదు. రోజూ సాయంత్రం చెంబు పట్టుకుని మడి దాకా వెళ్ళి, ఆకు పూర్తిగా వాడకపోతే పోయకుండా వెనక్కి వచ్చేవాణ్ణి. ఆ "అట్లు" నాకు కావాలి.

పృచ్ఛకుడు:

అయితే అలాగే ఉంచండి. చెంబుతో వెనక్కి రావడం తెలిశాక ఆ పాదం నాకు ఇంకా నచ్చింది. కొత్తవాళ్ళు ఒకటి గమనించాలి. ఇది పూర్తిగా ఎండగట్టడం కాదు, తడికీ తడికీ మధ్య ఎడం పెంచడం. నాటే ముందు పూట మాత్రం మడిని బాగా తడపాలి, లేకపోతే పీకేటప్పుడు వేర్లు తెగుతాయి.

కొడుమూరు రైతు:

చేను దున్ని నాటి చేతులు జోడించ
బోరు బావి యెండిపోయె ననగ
కరుణ గల్గి కురిసె కర్నూలుపై వాన
నీరు పోయకున్న నారు నిలిచె!

నాది మిద్దె తోట కాదు, బ్యాడిగి రకం మిరప చేను. కాయలు కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్టుకే తీసుకుపోతాం. మా నాట్లు వసంతంలో కాదు, శ్రావణ మాసంలో. అందుకే వాన వచ్చింది.

పృచ్ఛకుడు:

మూడో పాదం చదవగానే ఒళ్ళు జలదరించింది. "కర్నూలుపై వాన" రెండూ తగణాలే (రెండు గురువులు, ఒక లఘువు), నడక కూడా వాన చినుకుల్లాగే ఉంది. నా అభ్యంతరం వరుస మీద. బోరు ఎండిన తరువాత కదా చేతులు జోడించాలి? పాదాలు తారుమారు చేద్దామంటే గణాలు వేరు కాబట్టి బేసి పాదం సరి పాదంలో ఇమడదు. ఇంకో మాట. మనం పోయలేదు, మబ్బు పోసింది అన్నది ఇలాంటి సమస్యలకు ఎప్పుడూ ఉండే దారి. మీ బోరు నిజం కాబట్టి మీ పద్యంలో అది బరువుగా పలికింది, వేరేవాళ్ళు రాస్తే తప్పించుకున్నట్టు ఉండేది.

కొత్త కలం (అనంతపురం):

మొదటి ప్రయత్నం, తప్పులు దిద్దండి. నీఱు అంటే బూడిద అనే అర్థం తీసుకున్నాను.

పొయ్యి నుండి తెచ్చి గుప్పెడు బూడిద
అమ్మ వలదు కొడుక యాకు మాడు
ననుచు చేయి పట్టి యాపగా నానాడు
నీఱు పోయకున్న నారు నిలిచె!

పృచ్ఛకుడు:

తమ్ముడూ, మొదటి ప్రయత్నానికే నిఘంటువు తెరిచావు, చాలా సంతోషం. మొదటి పాదంలో పొ–గు యతి తప్పింది. పైగా తెచ్చి ఏం చేశావో చెప్పే క్రియ లేదు. ఇలా మార్చి చూడు:

పొయ్యి నుండి తెచ్చి పొడి బూడిదను చల్ల

పొ–పొ యతి వచ్చింది, "చల్ల" అన్న క్రియతో అమ్మ మాటకు సందర్భమూ దొరికింది. శకటరేఫ (ఱ) సంగతి వేరు. ఇచ్చిన పాదంలో ఉన్నది సాధురేఫ (ర). పాతకాలపు లాక్షణికులు, అంటే ఛందస్సు నియమాలు రాసినవాళ్ళు, ర, ఱ లకు ప్రాస ఒప్పుకోరు, కాబట్టి నీఱు–నారు ప్రాసయతి వాళ్ళ లెక్కలో భంగమే. ఇప్పుడు చాలామంది పట్టించుకోరు, నేనూ ఆపను, కానీ తెలిసి వాడాలి. అమ్మ చెప్పింది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. బూడిద క్షారం. తడి ఆకు మీద గుప్పెళ్ళు పోస్తే లేత నారు ఓర్చుకోదు.

మిద్దెతోట అక్క (కడప):

మిద్దె మీది తొట్టి మిట్టమధ్యాహ్నాన
కుండ వోలె కాగుచుండునయ్య
పొద్దు వాలు దాక పొరపాటునను వేడి
నీరు పోయకున్న నారు నిలిచె!

పృచ్ఛకుడు:

అక్కా, ఇది విరుపు! మూడో పాదం చివరి "వేడి" వచ్చి "నీరు"తో కలవగానే సమస్య విడిపోయింది. వాన రాలేదు, నిఘంటువు తెరవలేదు. ఉన్న మాటకు ముందు ఒక్క మాట చేర్చారు, అంతే. కుండ–చుండు దగ్గర మళ్ళీ ప్రాసయతి, ఇచ్చిన పాదానికి జోడుగా. నేను చేసిన తప్పు కూడా ఇప్పుడు తెలిసింది. వాడిపోతున్నాయని మధ్యాహ్నం ఒంటిగంటకు నల్ల ట్యాంకు నీళ్ళు పట్టి పోశాను.

మిద్దెతోట అక్క:

పైపులో ముందు వచ్చే నీళ్ళు చేతి మీద పట్టి చూడు తమ్ముడూ, చుర్రుమంటాయి. నేను పొద్దున్నే ఒక బకెట్ పట్టి మెట్ల కింద నీడలో పెట్టుకుంటాను, సాయంత్రం అవే పోస్తాను. ట్రేను కూడా మొదటి రోజు ఉదయం ఎండలో గంటే ఉంచాలి, రోజుకో గంట పెంచుకుంటూ పోవాలి. మా అమ్మాయి అమెరికాలో ఇదే పని చేస్తుంది, కానీ అక్కడ భయం చలికి. మంచు కురిసే రాత్రులు అయిపోయేదాకా మిరప మొక్కలను పగలు బయట పెట్టి, రాత్రి లోపలికి తెచ్చుకుంటుంది. మనకు కడపలో ఆ భయం లేదు, మన భయమంతా పన్నెండు నుంచి నాలుగు దాకానే.

కొత్త కలం:

అక్కా, మధ్యాహ్నం ఆకులు వాలితే మరి చూస్తూ ఊరుకోవాలా?

మిద్దెతోట అక్క:

ముందు వేలు పెట్టి చూడు. రెండు కణుపుల లోతున తడి తగిలితే నీళ్ళు వద్దు. నీడకు జరుపు. ఎండ దిగాక అదే తల ఎత్తుతుంది. పొద్దున కూడా వాలి ఉంటేనే దాహం.

పృచ్ఛకుడు:

ఈ వారం పూరణల్లో నా ఓటు అక్కకే. మిగిలిన ఐదు మొక్కలను మెట్ల నీడకు మార్చాను. నాలుగు లేచాయి, ఒకదానికి కొత్త చిగురు కనిపిస్తోంది.

వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

పండినపుడె మిరప పచ్చగుండె