పీఎస్3లో అన్ని కోర్లుండి ఎక్స్‌బాక్స్ 360 ముందు ఎందుకు తడబడింది?

వంశధార_గుణుపురం:
నమస్తే అందరికీ. మాది గుణుపురం, చదువంతా ఒడియా మీడియం, తెలుగు ఇంట్లో వచ్చిందే, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. దసరాకి పర్లాకిమిడి నుంచి మా బావ తన పాత గేమ్ మిషను, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ని తువ్వాల్లో చుట్టి బట్టల సంచిలో పెట్టుకొచ్చాడు. నా దగ్గర సోనీ వాళ్ల పీఎస్3 (ప్లేస్టేషన్ 3) ఉంది. ఒకే టీవీకి రెండూ తగిలించి, రెండిట్లోనూ బయోనెట్టా అనే గేమ్ పెట్టాం. బావది నున్నగా పోయింది, నాదేమో నలుగురు శత్రువులు చుట్టుముడితే చాలు, ఎడ్లబండిలా ఈడ్చింది. ఇక నాలుగు రోజులూ అదే వెక్కిరింత, అన్నం దగ్గర కూడా.

నాకు మింగుడుపడనిది ఇది. రెండూ 3.2 గిగాహెర్ట్జ్, రెండిటికీ మెమరీ మొత్తం 512 ఎంబీ. 360లో కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, మూడే. నా పీఎస్3 సెల్ ప్రాసెసర్‌లో ఒక పెద్ద కోరు, దాంతోపాటు ఎస్‌పీఈ అనే చిన్న కోర్లు ఏడు. మరి లెక్క ఎక్కడ తప్పింది? గేమ్ చేసినవాళ్ల బద్ధకమా, డిజైనే అంతా?

ఇంకోటి. కొత్తది కొందామని బరంపురం వెళ్తే ఒక షాపతను ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చూపించి "సిరీస్ ఎక్సే ఇది, డిస్కు పెట్టే చోటు ఒక్కటే లేదు" అన్నాడు. నమ్మొచ్చా?

నాగావళి_రాత్రి:
తమ్ముడూ, ఆ ఏడులో గేమ్‌కి దక్కేవి ఆరే, ఒకదాన్ని సిస్టమ్ తన దగ్గర పెట్టుకుంటుంది. నిజానికి చిప్ మీద ఎనిమిదుంటాయి, తయారీలో ఒకటి పాడైనా చిప్ వృథా కాకూడదని ఏడింటితోనే సరిపెట్టారు. అసలు సంగతి అది కాదు. అవి నువ్వనుకునే కోర్లు కావు. ఒక్కో ఎస్‌పీఈకి సొంతంగా 256 కేబీ జాగా ఉంటుంది, కోడూ డేటా రెండూ అందులోనే ఇమడాలి. మామూలు ప్రాసెసర్‌లో కావలసింది దగ్గర లేకపోతే క్యాష్ అనే చిన్న వేగపు మెమరీ తనే తెచ్చి పెడుతుంది, ప్రోగ్రామర్‌కి తెలియను కూడా తెలియదు. ఇక్కడ ఆ సుఖం లేదు. ఫలానా ముక్క మెయిన్ మెమరీ నుంచి తెమ్మని డీఎంఏకి (డేటా మోసుకొచ్చే భాగం) చెప్పాలి, అది వచ్చేలోపు ముందు తెచ్చిన ముక్క మీద పని నడపాలి, అయిపోయాక వెనక్కి పంపాలి, ఇదంతా ప్రోగ్రామర్ చేత్తో రాసుకోవాలి. 360లో మూడు కోర్లూ ఒకే తీరు, ఒక్కోదానికి రెండు థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పనుల వరసలు), మూడూ 1 ఎంబీ ఎల్2 క్యాష్‌ని పంచుకుంటాయి. పీసీకి రాసే పద్ధతిలో రాసినా ముందు నడుస్తుంది, సాన తర్వాత పెట్టుకోవచ్చు. బయోనెట్టా మొదట 360కి తయారైంది, పీఎస్3కి మార్చింది వేరే టీం. దాని ఫలితమే నువ్వు టీవీలో చూసింది.

ఇక మెమరీ. మా నాన్నది రాయగడలో కిరాణా కొట్టు. రోడ్డుకి ఇవతల ఒక గోడౌను, అవతల ఒకటి. అవతలిదాంట్లో సగం ఖాళీగా ఉన్నా ఇవతల పప్పు బస్తాలు వరండా దాకా పేర్చి ఉండేవి, వాన పడితే పట్టా కప్పడానికి నన్ను తరిమేవారు. పీఎస్3 అచ్చం అదే. సెల్‌కి 256 ఎంబీ ఎక్స్‌డీఆర్ రకం మెమరీ, గ్రాఫిక్స్ చిప్ ఆర్‌ఎస్‌ఎక్స్‌కి 256 ఎంబీ జీడీడీఆర్3 రకం. సెల్ వైపుది నిండిపోయి అవతలిదాంట్లో చోటున్నా అక్కరకి రాదు. ఆర్‌ఎస్‌ఎక్స్ రోడ్డు దాటి ఇవతలికి వచ్చి బాగానే తీసుకోగలదు, సెల్ అటు వెళ్తేనే నరకం. గ్రాఫిక్స్ మెమరీలోంచి సెల్ చదివే వేగం సెకనుకి 16 ఎంబీ. జీబీ అనుకునేవు, ఎంబీయే. అదే మెమరీకి ఆర్‌ఎస్‌ఎక్స్‌తో ఉన్న వేగం 20 జీబీ పైనే. 360లో 512 ఎంబీ అంతా ఒకే గోడౌను, టెక్స్చర్‌లకి (వస్తువుల మీద అంటించే బొమ్మలు) ఎంత, మిగతాదానికి ఎంత అన్నది గేమ్ ఇష్టం.

2011లో వచ్చిన స్కైరిమ్ గేమ్ గుర్తుందా? పీఎస్3లో సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ గేమ్ కూలబడిపోయేది. నువ్వు కదిపిన ప్రతి గిన్నే, చంపిన ప్రతి మనిషీ లెక్కలో చేరుతూ పోతుంటే ఆ 256 లోపలే సర్దాలి. అదే కుటుంబం ఇంజిన్‌తో ఫాలౌట్ న్యూ వెగాస్ చేసిన జోష్ సాయర్ కూడా పీఎస్3 మెమరీ రెండు ముక్కలుగా ఉండటమే ఇలాంటి గేమ్‌లకి తంటా అని అప్పట్లో వివరించాడు.

బరంపురం_పట్టు:
గోడౌను కథ బాగుంది కానీ 360ని మరీ నెత్తికెత్తుకోకండి గురూ. దానికీ ఒక ఇరుకు గది ఉంది. గ్రాఫిక్స్ చిప్ పక్కన 10 ఎంబీ ఈడీర్యామ్ అనే వేగపు మెమరీ పెట్టారు, బొమ్మ గీసేది అందులోనే. 720పీలో పిక్సెల్‌లు 9,21,600, ఒక్కోదానికి రంగుకి 4 బైట్లు, లోతుకి 4, వెరసి 7 ఎంబీ పైచిలుకు. ఇంతవరకు సరిపోతుంది. అంచులు నునుపుగా రావాలని రెండింతల యాంటీ ఎలియాసింగ్ పెడితే 14 దాటుతుంది, ఇక బొమ్మని ముక్కలు చేసి గీయాల్సిందే. హాలో 3 లాంటిదాన్నే 1152×640లో నడిపారు, అదీ సొంత కంపెనీ గేమ్.

ఎస్‌పీఈలు దండగ అంటే మాత్రం ఒప్పుకోను. ఆర్‌ఎస్‌ఎక్స్‌లో వెర్టెక్స్ పనికి (ఆకారాల మూలలు లెక్కగట్టేది) వేరే లైన్లు, పిక్సెల్ పనికి వేరే లైన్లు, ఒకటి ఖాళీగా ఉన్నా రెండోదానికి సాయం పోదు. 360 గ్రాఫిక్స్‌లో షేడర్‌లు అనే భాగాలు ఈ రెండు పనులూ చేస్తాయి. ఆ లోటుని పూడ్చింది ఎస్‌పీఈలే. కనపడని త్రిభుజాలను ముందే ఏరిపారేసి ఆర్‌ఎస్‌ఎక్స్ బరువు తగ్గించేవి. 2010లో గాడ్ ఆఫ్ వార్ 3 అంచుల నునుపంతా వాటితోనే చేయించారు. ఆ డిస్కు దొరికితే మీ బావకి చూపించు, అప్పుడు మాట్లాడమను.

నాగావళి_రాత్రి:
ఒప్పుకుంటున్నా. కానీ అది సోనీ సొంత స్టూడియోల మాట. రెండిటికీ కలిపి చేసేవాళ్లకి అంత తీరికెక్కడిది?

జయపురం_జంక్షన్:
తమాషా ఏంటంటే తర్వాత సోనీ, మైక్రోసాఫ్ట్ ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. 2013లో సోనీ పీఎస్4లో బుద్ధిగా 8 జీబీ జీడీడీఆర్5 ఒకే ముద్దగా పెట్టింది, సెకనుకి 176 జీబీ వేగం. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌లో 68 జీబీ వేగమున్న డీడీఆర్3 పెట్టి, ఆ వెలితి తీర్చడానికి 32 ఎంబీ ఈఎస్‌ర్యామ్ అనే వేగపు మెమరీ తగిలించింది. ఈసారి ఏది ఎక్కడ పెట్టాలో తెలియక బుర్ర గోక్కున్నది ఎక్స్‌బాక్స్ వన్‌కి చేసినవాళ్లు. పీఎస్4కి కూడా ఇలాంటి చిన్న ఈడీర్యామ్ ఆలోచన వచ్చిందని, లెక్కల్లో వేగంగానే ఉన్నా డెవలపర్‌లకి తలనొప్పి అని వదిలేశామని పీఎస్4 డిజైన్ నడిపించిన మార్క్ సెర్నీ తర్వాత చెప్పాడు. ఒకసారి చెయ్యి కాలిందిగా మరి.

షాపతని మాట నమ్మకు. సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ, అందులో 10 జీబీకి వేగం సెకనుకి 560 జీబీ, మిగతా 6 జీబీకి 336. సిరీస్ ఎస్‌లో మొత్తం కలిపే 10 జీబీ, 8 జీబీకి 224, చివరి 2 జీబీకి 56. ప్రాసెసర్ ఒకే జాతి జెన్ 2, ఎనిమిది కోర్లే, అక్కడి వరకు అతను అబద్ధం చెప్పలేదు. గ్రాఫిక్స్ మాత్రం 12 టెరాఫ్లాప్స్ (సెకనుకి లక్ష కోట్ల లెక్కలైతే ఒక టెరాఫ్లాప్) ఎక్కడ, 4 ఎక్కడ. పీఎస్5లో 16 జీబీ అంతా ఒకే వేగం, 448. మీరు బావాబావమరుదులు పక్కపక్కన కూర్చుని ఆడే రకం కదా, ఇది విను. 2023 డిసెంబర్‌లో బాల్డర్స్ గేట్ 3 గేమ్ ఎక్స్‌బాక్స్‌కి వచ్చినప్పుడు సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే టీవీని పంచుకుని ఇద్దరూ ఆడటం) లేకుండానే వదిలారు. 2025లో గానీ ఆ ముచ్చట తీరలేదు. 1080పీ టీవీ, ఒక్కడివే ఆడుకుంటావు, డబ్బులు తక్కువ అంటే ఎస్ చెడ్డదేం కాదు. దాన్ని ఎక్స్ అని చెప్పి అమ్మడమే దొంగతనం.

వంశధార_గుణుపురం:
అందరికీ థాంక్స్ అన్నయ్యలూ. సిరీస్ ఎస్ పక్కన పెట్టేశాను, సంక్రాంతి దాకా డబ్బులు కూడబెట్టి పీఎస్5 చూస్తా. 10 ఎంబీ లెక్క కాగితం మీద వేసి ఫోటో తీసి బావకి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, ఈ చర్చ మొత్తం చదివేసినట్టున్నాడు: "అది సరే, నీ 16 ఎంబీ సంగతేంటి?"