మడత సైకిల్ వెనక జాయింట్ బుష్‌లు నెల్లూరులో మనమే మార్చుకోవచ్చా?

కావలి_టు_నెల్లూరు

అందరికీ నమస్కారం. నాది మూడు గేర్ల బ్రాంప్టన్ కంపెనీ మడత సైకిల్. మా బావ లండన్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిచ్చాడు, అప్పటికే పదేళ్ళు తిరిగిన బండి. రోజూ కావలిలో పినాకిని ఎక్కి నెల్లూరులో దిగి, స్టేషన్ నుంచి ఆఫీసుకి దాని మీదే వెళ్తాను. ఆదివారాలు మైపాడు రోడ్డు కూడా. ఆ ఇసుక, ఉప్పు గాలి దానికి ఎంత పడ్డాయో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నెల నుంచి వెనక చక్రం పక్కలకి ఊగుతోంది. మలుపు తిప్పితే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తున్నట్టు ఉంటుంది. హబ్ బేరింగ్ అనుకొని చూశాను, బాగానే ఉంది. వెనక ఫ్రేమ్ మడిచే చోట బుష్‌లు (షాఫ్ట్ కూర్చునే చిన్న గొట్టాలు) అరిగి ఉంటాయని, కొత్తవి దిగ్గొట్టాక రీమర్ (రంధ్రాన్ని గీకి సైజుకి తెచ్చే పనిముట్టు) వేయాలని చదివాను. ఇక్కడ సైకిల్ షాపుల్లో ముగ్గురిని అడిగితే ముగ్గురూ చేతులెత్తేశారు. ఒకాయన మాత్రం జాయింట్ చుట్టూ వెల్డింగ్ పెట్టేస్తే గట్టిగా ఉంటుంది అన్నాడు, బండి తీసుకొని వచ్చేశాను. బుష్‌లు, షాఫ్ట్ ఉన్న కిట్ తెప్పించుకున్నాను కానీ రీమర్ లేదు. ఇంట్లో చేసుకునే పనేనా?

పెన్నాగట్టు

అన్నా, వెల్డింగ్ మాట మళ్ళీ ఎవరన్నా ఎత్తినా వినొద్దు. అది తిరగాల్సిన జాయింట్, పైగా ఆ ఫ్రేమ్ ఇత్తడి కరిగించి అతికించింది (బ్రేజింగ్), అక్కడ ఇష్టమొచ్చినట్టు వేడి పెడితే అతుకులు పాడవుతాయి.

ముందు అరిగింది బుష్షేనా అని తేల్చుకో. బండి మడవకుండా నిలబెట్టి, ఒక చేత్తో సీటు కింద ఫ్రేమ్ పట్టుకొని రెండో చేత్తో వెనక చక్రాన్ని పక్కలకి కదుపు, అప్పుడు జాయింట్ మీద ఇంకొకరిని వేలు పెట్టి చూడమను. కదలిక అక్కడే తగిలితే బుష్షే. చక్రం మాత్రమే కదిలి ఫ్రేమ్ కదలకపోతే హబ్‌లో బేరింగ్‌ని పట్టే కోన్‌లు లూజు.

ఆటోనగర్_అబ్బాయి

మా నాన్నది లారీల ఫ్రంట్ యాక్సిల్ పని, నేను పుట్టినప్పటి నుంచి ఇదే చూస్తున్నా. మీరు చెప్పింది వినగానే నాకు కింగ్ పిన్ (లారీ ముందు చక్రం పక్కలకి తిరిగే పిన్) గుర్తొచ్చింది. అదే పని, సైజు చిన్నది, అంతే. పైన ఒక బుష్, కింద ఒక బుష్, మధ్యలో ఒక పిన్. బుష్‌ని బిగుతుగా లోపలికి నొక్కేసరికి దాని రంధ్రం కొంచెం బిగుసుకుపోతుంది, అందుకే కొత్త షాఫ్ట్ అందులో దూరదు. దూరట్లేదని సుత్తితో కొడితే పని అక్కడితో చెడిపోతుంది. రీమర్‌తో సన్నగా గీకి సైజుకి తేవాలి, అదీ రెండు బుష్‌లూ ఒకే గీతలోకి వచ్చేలా. ఒకదానికి విడిగా, రెండోదానికి విడిగా వేస్తే రెండూ బాగానే కనపడతాయి కానీ షాఫ్ట్ దూర్చితే వాలుగా పట్టేస్తుంది, మడత బిగుసుకుపోతుంది, అంచుల్లో తొందరగా అరుగుతుంది.

కాబట్టి సైకిల్ షాపులు వదిలేసి కింగ్ పిన్ పని చేసే షెడ్డుకి వెళ్ళండి. అక్కడ గైడ్ (రీమర్ వంకర పోకుండా గీతలో పట్టే భాగం) ఉన్న రీమర్ ఎందుకో మీరు చెప్పక్కర్లేదు. మీ సైజు రీమర్ వాళ్ళ దగ్గర లేకపోవచ్చు, లారీ పిన్‌లు లావు కదా. వెర్నియర్‌తో కొత్త షాఫ్ట్ కొలిచి, ఆ సైజుకి అడ్జస్టబుల్ రీమర్ కొని, గైడ్ బుష్ మాత్రం లేత్ మీద చేయించుకోండి.

రీమర్‌ని ఎప్పుడూ ముందుకే తిప్పాలి, బయటికి లాగేటప్పుడు కూడా. వెనక్కి తిప్పితే పళ్ళు మొద్దుబారిపోతాయి, గీతలు పడతాయి. ఆయిల్ వేస్తూ, ఒక్కోసారి చాలా కొంచెం తీసి, షాఫ్ట్ పెట్టి చూసుకుంటూ పోవాలి. బొటనవేలితో నెడితే జారాలి, ఊపితే మాత్రం కదలకూడదు.

పెన్నాగట్టు

పాత బుష్‌లు తీయడానికి కూడా సుత్తి వద్దు. పొడుగు బోల్టు, నట్టు, ఒక సాకెట్ పెట్టి బిగిస్తూ పోతే అదే లాక్కొస్తుంది, కొత్తవి ఎక్కించడానికి కూడా ఇదే పద్ధతి. జాయింట్ పక్క బోల్టులకి లాక్‌టైట్ (వదులవకుండా పట్టే జిగురు) ఉంటుంది, ఊరికే తిప్పితే తల అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ బోల్టు తల మీద కాసేపు పెట్టి వేడి చేస్తే వదులుతుంది, పెయింట్ కూడా మాడదు. వాషర్లు ఏ పక్కవి ఆ పక్క ఫోటో తీసి పెట్టుకో.

ఒంగోలు_తొక్కుడు

ఒక్క మాట. చక్రం విప్పేముందు గేర్ గొలుసు పుల్ల (గేర్ తీగకి తగిలించి, ఇరుసులోకి దూరే చిన్న గొలుసున్న పుల్ల) విప్పాలి కదా, తిరిగి పెట్టేటప్పుడు చాలామంది అక్కడే తప్పు చేస్తారు. చేత్తో చివరిదాకా బిగించి, అర చుట్టుకి మించకుండా వెనక్కి తిప్పి తీగ వైపుకి తెచ్చుకోండి. తర్వాత రెండో గేర్‌లో పెట్టి పక్క నట్టు రంధ్రంలోంచి చూస్తే, పుల్ల మెడ ఇరుసు చివరతో సమానంగా ఉండాలి, ఒక మిల్లీమీటరు బయటికి వచ్చినా పర్వాలేదు. ఇది తప్పితే తొక్కుతుంటే గేర్ జారి పెడల్ ఖాళీగా తిరుగుతుంది, ట్రాఫిక్‌లో చాలా ప్రమాదం.

పనిలో పనిగా టైరు మార్చాలనుకుంటే పిల్లల 16 అంగుళాల టైరు కొనకండి. దానికి సాధారణంగా 305 మిల్లీమీటర్ల రిమ్ ఉంటుంది, మీది 349. రెండిటి మీదా 16 అనే రాసి ఉంటుంది, ఎక్కదు. నేను అలా రెండు కొన్నాను.

కావలి_టు_నెల్లూరు

అందరికీ చాలా థాంక్స్. అయిపోయింది.

బోల్టులు నేనే విప్పాను, సోల్డరింగ్ ఐరన్ మాట అక్షరాలా పని చేసింది. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఫ్రేమ్ చూసి, "బొమ్మ లారీనా అబ్బాయ్?" అని చేతిలోకి తీసుకున్నాడు. రీమర్ నేను కొన్నదే, గైడ్ పక్క లేత్ షాపులో చేయించాం. గంటన్నర పట్టింది, అందులో గంట కొలవడానికే. నన్ను కూడా నాలుగు చుట్లు తిప్పనిచ్చాడు. షాఫ్ట్ నూనె పూసి నెడితే మెత్తగా దిగిపోయింది.

పాత బుష్ ఒకటి జేబులో వేసుకొని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి వెర్నియర్ పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఒక వైపుకి సాగి ఉంది.