సింథటిక్ ట్రాక్ అంత మేలైతే కీన్‌లాండ్ ఎందుకు పీకేసింది?

రైలింగ్_పక్కన:
2023లో అమెరికాలో గుర్రప్పందేల్లో వెయ్యి స్టార్ట్‌లకు (ఒక గుర్రం ఒక రేసులో పరుగెత్తితే ఒక స్టార్ట్) గుర్రాల ప్రాణం తీసిన గాయాలు డర్ట్ (మట్టి, ఇసుక ట్రాక్) మీద 1.43, టర్ఫ్ (గడ్డి) మీద 1.13, సింథటిక్ మీద 0.97. లెక్క ఇంత తేటగా ఉంటే అక్కడి శాంటా అనీటా, కీన్‌లాండ్, డెల్ మార్ రేస్‌కోర్సులు, దుబాయ్‌లో మేదాన్ అన్నీ కోట్లు పోసి వేసిన సింథటిక్‌ను తవ్వేసి మళ్లీ డర్ట్ ఎందుకు పరిచినట్టు? ఇంకో డౌటు. మన దగ్గర రేసులు గడ్డి మీద, పొద్దున ట్రాక్‌వర్క్ (గుర్రాల సాధన పరుగు) ఇసుక మీద. ఆ ఇసుక తీసేసి సింథటిక్ వేస్తే మన ఎండకు ఆగుతుందా?

మైనం_ఇసుక:
ముందు సింథటిక్‌లో ఏముందో చూడండి. సిలికా ఇసుక, సింథటిక్ ఫైబర్, వీటన్నిటికీ పూతగా మైనం. పాలీట్రాక్ అనే రకంలో రబ్బరు ముక్కలు కూడా కలుపుతారు. ఈ మిశ్రమం ఆరేడు అంగుళాల మందాన ఉంటుంది. దాని కింద నీళ్లు దిగే తారు పొర, ఆ కింద కంకర, చిల్లుల పైపులు. డర్ట్ ట్రాక్ మీద పడ్డ వాన వాలు పట్టి పక్కకు పోవాలి. అందుకే వానకు ముందు పైపొరను అణిచి సీల్ చేస్తారు, అప్పుడది గట్టిపడుతుంది. సింథటిక్‌లో నీళ్లు నిలువునా కిందికి దిగిపోతాయి, సీల్ చేసే పనే లేదు.

దిగకపోతేనే తంటా. శాంటా అనీటాలో 2007లో వేసిన కుషన్ ట్రాక్ అనే సింథటిక్‌కు సరిగ్గా అదే జరిగింది. సన్న రేణువులు ఎక్కువై నీటి దారులు మూసుకుపోయాయి, 2008 జనవరి వానలకు రేసులు రద్దు చేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే ప్రో-రైడ్ అనే కంపెనీ వాళ్లు బైండర్ (రేణువులను పట్టి ఉంచేది) కలిపి మార్చారు. రెండు బ్రీడర్స్ కప్‌లు (ఏటా జరిగే పెద్ద పోటీలు), 2008, 2009వి, దాని మీదే నడిచాయి. 2010 డిసెంబరుకల్లా మళ్లీ డర్ట్.

రెండో తంటా వేడి. మైనంలో కొంత భాగం ట్రాక్ మీది ఎండకే మెత్తబడుతుంది. డెల్ మార్‌లో 2007లో అందరూ మొత్తుకున్నది దీని గురించే: పొద్దున వర్క్‌కు బిగుతుగా, వేగంగా ఉన్న ట్రాక్ మధ్యాహ్నం రేసుల వేళకు వదులై నెమ్మదించేది. పొద్దుటి టైమింగ్ చూసి పందెం కాసేవాడి గతి ఏమిటి?

పాత_రేస్‌కార్డ్:
కీన్‌లాండ్‌ది ఇంజినీరింగ్ సమస్య కాదండీ, డెర్బీ సమస్య. అమెరికాలో అన్నిటికన్నా పేరున్న రేసు కెంటకీ డెర్బీ డర్ట్ మీద. దానికి ముందు పరీక్షగా నిలిచే కీన్‌లాండ్ రేసు బ్లూ గ్రాస్ స్టేక్స్ 2007 నుంచి 2014 దాకా పాలీట్రాక్ మీద నడిచింది. డర్ట్ గుర్రం ఉన్న ట్రైనర్ దాన్ని అక్కడికి ఎందుకు తెస్తాడు? 2007లో స్ట్రీట్ సెన్స్ అనే గుర్రం బ్లూ గ్రాస్‌లో ముక్కు తేడాతో ఓడి, మే నెలలో డెర్బీ కొట్టింది. ఇలాంటివి చూశాక ఆ ఫలితాన్ని ఎవరు నమ్ముతారు? 2014లో డర్ట్‌కి మారారు, 2015లో బ్రీడర్స్ కప్ అక్కడే జరిగింది. మేదాన్ కూడా అంతే, టపేటా (ఇంకో సింథటిక్ రకం) మీద దుబాయ్ వరల్డ్ కప్‌కు అమెరికా డర్ట్ గుర్రాలు రావడం తగ్గింది.

అలాగని సింథటిక్ గుర్రం డర్ట్‌లో పనికిరాదని తీసిపారేయొద్దు. 2011లో ఆనిమల్ కింగ్‌డమ్ టర్ఫ్‌వే అనే రేస్‌కోర్సులో పాలీట్రాక్ మీద గెలిచి వచ్చి డెర్బీ కొట్టింది. 2022లో రిచ్ స్ట్రైక్ అదే టర్ఫ్‌వేలో, అప్పటికి టపేటా, మూడోది వచ్చి తర్వాత డెర్బీ గెలిచింది.

డెక్క_లాడం:
0.97 సరే. కానీ ఆ అంకెలు వచ్చిన గాయాల డేటాబేస్ లెక్కేసేది రేసులో దెబ్బ తగిలి 72 గంటల్లోపు పోయిన గుర్రాలను మాత్రమే. ట్రైనింగ్‌లో పోయినవి, ప్రాణం మిగిలి కెరీర్ ముగిసినవి అందులో రావు. సింథటిక్ మీద వెనక కాళ్ల కండర, లిగమెంట్ నొప్పులు ఎక్కువని ట్రైనర్లు మొదటినుంచీ అంటున్నారు. కారణం ఊహించవచ్చు: డర్ట్‌లో డెక్క దిగాక కాస్త ముందుకు జారి ఆగుతుంది, ఇక్కడ చప్పున పట్టేస్తుంది. కాబట్టి లాడాలు నున్నగా ఉండాలి, మొన దగ్గర పట్టీ లేచినవి వద్దు.

అయినా రేసు రోజు ప్రాణాల లెక్కలో సింథటిక్‌దే పైచేయి, దాన్ని కాదనలేం. ఫ్లోరిడాలోని గల్ఫ్‌స్ట్రీమ్ రేస్‌కోర్సు 2021 నుంచి డర్ట్, టర్ఫ్ మధ్యలో టపేటా పెట్టి, గడ్డి తడిసినప్పుడు రేసులు అటు మళ్లిస్తోంది. నా దృష్టిలో సరైన వాడకం ఇదే.

రైలింగ్_పక్కన:
మరి మన ట్రాక్‌వర్క్ సంగతి?

మైనం_ఇసుక:
వేయవచ్చు, కానీ మైనం మిశ్రమం మన వేసవికి తగ్గట్టు ఉండాలి. చలి దేశపు రెసిపీ తెచ్చి పోస్తే ఏప్రిల్‌లో డెక్కలకు ముద్ద కడుతుంది. వర్క్ తెల్లవారుజామునే కాబట్టి రేసులంత ఇబ్బంది రాదు. పేడ మాత్రం రోజూ ఎత్తాల్సిందే, లేకపోతే పొడై కిందికి దిగి డ్రైనేజీ మూస్తుంది. హారో (పళ్ల గుంటక) రోజూ పైపైన తోలాలి, లోతుగా గుల్ల చేసేది అప్పుడప్పుడు. రెయిలింగ్ పక్కన ఎక్కువగా తొక్కి మందం తగ్గుతుంది, కడ్డీ గుచ్చి కొలిచి బయటి వైపు నుంచి లాగి సర్దాలి. కొన్నేళ్లకు మైనం ఎండి ఇసుక పొడిపొడిగా రాలుతుంది, అప్పుడు మళ్లీ మైనం పట్టించాలి. ఈ ఖర్చు మొదటి టెండర్‌లోనే రాయించుకోండి.