మోడల్ టీ ఫోర్డ్ వేడెక్కుతోంది: రేడియేటర్ మార్చేముందు ఏమేం పరీక్షించాలి?

నల్లబండి1923: నా పాతకాలపు ఫోర్డ్ కారు చదునైన రోడ్డు మీద బాగానే పోతుంది, ఎత్తు ఎక్కితే ఆవిరి చిమ్ముతోంది. నీళ్లు నిండుగానే ఉన్నాయి. కొత్త రేడియేటర్ కొనాల్సిందేనా?

ఇత్తడిమూత: ఆగండి. ముందు స్టీరింగ్ కింద ఎడమ లివర్ చూడండి, స్పార్క్ పడే సమయాన్ని మార్చేది అదే. స్టార్టింగ్ కోసం పైకి పెట్టిన స్పార్క్‌ను తర్వాత కిందికి లాగకపోతే మంట ఆలస్యంగా అంటుకుంటుంది, ఆ వేడంతా ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గర నీళ్లలోకి దిగుతుంది. ఆ లివర్‌ను టైమర్‌కు కలిపే రాడ్ వంగినా అంతే. చీకట్లో మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం) ఎర్రగా మెరిస్తే టైమింగో, పెట్రోల్ తక్కువైన పల్చని మిక్స్చరో కారణం. రేడియేటర్‌ది తప్పు కాదు.

నీటిపాయ: మొదటి 2,500 బండ్ల తర్వాత ఫోర్డ్ వాటర్ పంపు తీసేసింది. వేడి నీరు తేలికై పైకి, చల్లబడ్డ నీరు కిందికి, అంతే. పై హోస్ (రబ్బరు గొట్టం) రేడియేటర్‌లో కలిసే నోరు మునగకపోతే ఆ ప్రవాహం తెగిపోతుంది. మూత మెడదాకా పోస్తే కొంత ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కారడం మామూలే, కంగారు పడకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండు హోస్‌లూ విప్పి, అవి తగిలే కింది మెడకు గుడ్డ చుట్టిన చెక్క బిరడా కొట్టి, పై మెడ కూడా మూసి, మూత తీసి నీళ్లు నింపండి. కింది బిరడా లాగగానే మెడ నిండా ధారగా దూకాలి. సన్నగా జారితే ట్యూబుల్లో గార పట్టినట్టు. లీటరుకి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడగండి.

ఇత్తడిమూత: ధార బాగుండీ వేడెక్కితే ఫిన్‌లను (ట్యూబుల మీది పల్చని రేకులు) వేలితో కదపండి. ట్యూబు మీద జారాయంటే టంకం ఊడిపోయింది. నీరు పారుతుంది గానీ వేడి గాలికి చేరదు, ఎంత కడిగినా లాభం లేదు, కోర్ (ట్యూబులు, ఫిన్‌లు ఉన్న భాగం) మార్చాల్సిందే. బండి వేడి మీద ఉండగా పై ట్యాంకు, కింది ట్యాంకు రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటే ఇదే అనుమానించాలి. పైన సలసల, కింద చల్లగా ఉంటే ప్రవాహమే లేదు. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే ఇత్తడి మీద తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు అంటించి దాని మీద కొలవండి.

గ్యాస్కెట్‌గురు: హెడ్ గ్యాస్కెట్‌నీ (సిలిండర్ల పైమూత కింద ఉండే సీలు) వదలొద్దు. చల్లని ఇంజన్, మెడదాకా నీళ్లు, మూత తీసి స్టార్ట్ చేయండి. పంపు లేదు కాబట్టి నీళ్లు చిలికినట్టు కదలవు. మొదటి నిమిషంలోనే బుడగలు వరుసగా వస్తే అది సిలిండర్‌లోంచి వచ్చే గ్యాసే. 15 హెడ్ బోల్టులూ మధ్య నుంచి బయటికి మళ్లీ బిగించి చూడండి.

నల్లబండి1923: రేడియేటర్ మూత మీది బాయ్స్ మోటోమీటర్‌ను (వేడి చూపే థర్మామీటర్) నమ్మొచ్చా?

నీటిపాయ: అది కొలిచేది నీటిని కాదండీ, పైనున్న ఆవిరిని. నీళ్లు బాగా తగ్గిపోతే అందులోని ఎర్ర ద్రవం పైకి రాకుండానే ఇంజన్ కాలిపోవచ్చు. మరిగే నీళ్ల ఆవిరిలో పెట్టి సరిచూడండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి, 100 కోసం చూడొద్దు.

గ్యాస్కెట్‌గురు: ఇంకొకటి, ఇప్పటి కార్ల ప్రెషర్ టెస్టర్ దీనికి పెట్టొద్దు. ఇది మూత బిగించి ఒత్తిడి నిలిపే వ్యవస్థ కాదు, 15 పీఎస్ఐకి పాత టంకం చీలిపోతుంది. లీకు కావాలంటే మెడలు మూసి నీళ్లు నింపి, కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి రాత్రంతా ఉంచండి. తడి మచ్చకు పైన ఏ ట్యూబుందో అక్కడ వెతకండి.