చార్టర్ ఉండగానే వాయిస్ ఆఫ్ అమెరికా ఎలా మూగబోయింది?

కందిరీగ:
అమెరికా ప్రభుత్వ సొమ్ముతో విదేశాలకు ప్రసారాలు చేసే వాయిస్ ఆఫ్ అమెరికా (వీఓఏ)కి 1976 నుంచి చార్టర్ (వార్తలు ఎలా ఉండాలో చెప్పే నియమావళి) ఉంది, అది చట్టం కూడా. వార్తల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదని 1994 చట్టమూ చెబుతోంది. అయినా 2025 మార్చి 14న వీఓఏ పైనున్న ప్రభుత్వ ఏజెన్సీని కుదించమని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది, మర్నాడే సుమారు 1,300 మందిని సెలవులో కూర్చోబెట్టారు. ఇలాంటి సంస్థను బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? "స్వతంత్ర బోర్డు పెట్టాలి" అన్న మాట చాలాసార్లు విన్నాను, అది కాకుండా చెప్పండి. బీబీసీ, జర్మనీ వారి డాయిష్ వెల్లె, మన ఆకాశవాణి సంగతులు తెలిసినవాళ్లు కూడా రాయండి.

దస్త్రం:
బోర్డు వద్దన్నారు గానీ, కథంతా దాని చుట్టూనే తిరిగిందండీ. వీఓఏ మీద పెత్తనం చేసిన పాత బోర్డులో 9 మంది. అందులో 8 మందిలో ఒకే పార్టీవాళ్లు నలుగురికి మించకూడదు, తొమ్మిదో కుర్చీ విదేశాంగ మంత్రిది. అందరూ పార్ట్‌టైమే కాబట్టి రోజువారీ పనికి జవాబుదారీ ఎవరూ లేరు. ఆ బోర్డు దాదాపు చచ్చుబడిందని 2013లో హిల్లరీ క్లింటన్ అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ముందే అన్నారు. దానికి మందుగా 2016 చివర్లో ఏజెన్సీ పెత్తనమంతా ఒక్క సీఈఓకి కట్టబెట్టారు. ఆ సీఈఓని ఎంచేది అధ్యక్షుడే.

ఫలితం 2020లో కనబడింది. న్యూస్‌రూమ్‌కి రక్షణగా జూన్‌లో వచ్చిన "ఫైర్‌వాల్" నిబంధనను అక్టోబరులో సీఈఓ మైకేల్ ప్యాక్ కొట్టేశారు. నిబంధనతో ఉన్న చిక్కే ఇది, రాసిన బల్ల మీదే రద్దవుతుంది. అందుకని 2021 జనవరిలో చట్టంలోనే ఇంకో తాళం వేశారు: వీఓఏ డైరెక్టర్‌ని వేయాలన్నా తీయాలన్నా ఏజెన్సీకి ఉన్న సలహా మండలిలో మెజారిటీ ఓటు కావాలి. 2025 జనవరిలో ఆ మండలి సభ్యుల్నే ఇంటికి పంపారు! మండలి ఓటు లేకుండా డైరెక్టర్‌ని తీయడం కుదరదని ఆగస్టులో ఫెడరల్ జడ్జి లాంబర్త్ తేల్చారు. కానీ అప్పటికే చాలా భాషల ప్రసారాలు ఆగి నెలలైంది.

మీడియంవేవ్:
కుర్చీల గొడవ కన్నా డబ్బు ఏ దారిన వస్తోందో చూడాలి. వీఓఏలాగే అమెరికా సొమ్ముతో నడిచే రేడియో ఫ్రీ యూరప్ ప్రభుత్వ శాఖ కాదు, ప్రాగ్ నుంచి నడిచే లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. సొమ్ము మంజూరు చేసేది కాంగ్రెస్, చేతికిచ్చేది మాత్రం ఏజెన్సీ, అదీ గ్రాంటు ఒప్పందం మీద. 2025లో పీక నొక్కింది అక్కడే. మంజూరైన డబ్బు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది, మేలో ఐరోపా యూనియన్ అత్యవసరంగా 55 లక్షల యూరోలిచ్చింది.

డాయిష్ వెల్లెదీ పన్నుల డబ్బే. కాకపోతే దాని అధిపతిని 6 ఏళ్లకు ఎన్నుకునేది 17 మంది ప్రసార మండలి. అందులో పార్లమెంటు ఉభయ సభలు, ప్రభుత్వం కలిపి పంపేది ఏడుగుర్నే. మిగతా 10 మంది చర్చిలు, కార్మిక సంఘాల వంటివాటి నుంచి వస్తారు. నాలుగేళ్ల ప్రణాళిక సంస్థే రాసుకుంటుంది. అయితే బడ్జెట్ మాత్రం ఏటా ఫెడరల్ ఖాతాలోంచే, అక్కడ కోత పెడితే ఈ ఏర్పాటేదీ అడ్డం రాదు.

బీబీసీ వరల్డ్ సర్వీస్‌ని 2014లో విదేశాంగ శాఖ గ్రాంటు నుంచి లైసెన్సు ఫీజుకి (బ్రిటన్‌లో టీవీ చూసే ఇళ్లు కట్టే రుసుము) మార్చారు. రాజకీయం తగ్గింది, ఇరుకు పెరిగింది. 2023 జనవరిలో అరబిక్ రేడియో మూసేశారు. లెబనాన్‌లో వదిలేసిన ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీలో ఇప్పుడు రష్యా వారి స్పుత్నిక్ వినబడుతోందని బీబీసీ అప్పటి డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీయే 2024లో చెప్పారు. గాజా యుద్ధం మొదలయ్యాక అక్కడివాళ్ల కోసం మీడియం వేవ్‌లో అత్యవసర ప్రసారం పెట్టాల్సి వచ్చింది. యాప్ ఉందిగా అనేవాళ్లు, కరెంటూ నెట్టూ పోయిన ఊళ్లో యాప్ ఏం చేస్తుందో కూడా చెప్పాలి.

గోదారిగట్టు:
మన దగ్గర చిక్కు వేరు. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థ చట్టం 1990లో చేసి 1997లో అమలుచేశారు. సెక్షన్ 13లో 22 మంది ఎంపీల కమిటీ (లోక్‌సభ 15, రాజ్యసభ 7), తర్వాతి సెక్షన్లలో ఫిర్యాదులు వినే ప్రసార మండలి ఉన్నాయి. రెండూ కాగితం దాటలేదు. నా లెక్కలో సెక్షన్ 23 ఇంకా ఆసక్తికరం: దేశభద్రత, శాంతిభద్రతల పేరుతో ఫలానాది ప్రసారం చేయమనో, చేయొద్దనో కేంద్రం ఆదేశించవచ్చు. ఆదేశం మీద చేస్తున్నామని సంస్థ కావాలనుకుంటే శ్రోతలకి చెప్పుకోవచ్చు. ఆ "కావాలనుకుంటే" తీసేసి "తప్పనిసరిగా" అని పెడితే చాలా తేలుతుంది.

బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ వాటా 26 శాతం దాటకూడదని 2019లో నిబంధన వచ్చింది. అందుకే 2024 ఏప్రిల్ నుంచి తెలుగుతో సహా భారతీయ భాషల సేవలు కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ కంపెనీ నడుపుతోంది, అందులో బీబీసీ వాటా 26 శాతమే. కాబట్టి బీబీసీ పేరు మీద వచ్చే తెలుగు వార్తకు బాధ్యత ఎవరిదో లండన్ చార్టర్ ఒక్కటే చూస్తే తెలియదు, మధ్యలో ఉన్న ఒప్పందమూ చూడాలి.

కందిరీగ:
అయితే సలహా మండలి సభ్యుల్ని కారణం చూపకుండా తీయకూడదని రాస్తే సరిపోదా?

దస్త్రం:
ఆ వాక్యం ఇప్పటి అమెరికా సుప్రీంకోర్టు ధోరణిలో నిలవడం కష్టమండీ, అధ్యక్షుడి తొలగింపు అధికారం వైపే మొగ్గుతోంది. నేనైతే మీడియంవేవ్ గారు చెప్పిన చోటే పట్టుకుంటాను: మంజూరైన సొమ్ము ప్రతి నెలా ఫలానా తేదీకి ట్రెజరీ నుంచి సంస్థ ఖాతాలో నేరుగా పడాలని, మధ్యలో ఏజెన్సీ సంతకం అక్కర్లేదని బడ్జెట్ చట్టంలోనే రాయించాలి. రేడియో ఫ్రీ యూరప్‌కి ఇది కుదురుతుంది. వీఓఏ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులే, కాబట్టి వాళ్లకి కుదరదు.