పత్తి ఏరే మిషన్ కోసం చేను మార్చాలా, చేను కోసం మిషన్ మార్చాలా?

నల్లరేగడి (ఆదిలాబాద్ జిల్లా)
మా ఇంట్ల లొల్లి నడుస్తోంది. ఈసారి ఆరెకరాలూ 90 బై 15లో పెడదామంటాడు మా బామ్మర్ది. అంటే సాలుకు సాలు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్క 15. ఎకరాకు 30 వేల మొక్కలు పడతాయి. ఇన్నేళ్లు మేం పెట్టిన 90 బై 60లో ఏడున్నర వేలే. కాయంతా ఒక్కసారి పగులుతది, మిషన్ దింపి ఒక్క తీతలో ఇంటికి తెచ్చుకోవచ్చని వాడి లెక్క. ఎకరాకు రెండు ప్యాకెట్ల విత్తనం పెట్టే కాడ ఐదారు కొనాలన్న సంగతి మాత్రం మెల్లగ చెప్తాడు.

వరికోత మిషన్ వచ్చినప్పుడు మనం వరిని మార్చినమా? పత్తికొచ్చేసరికి చేనంతా ఎందుకు మార్చాలె? మన మొక్కకు సరిపడే మిషన్ చేయకపోవడం ఇంజనీర్ల చేతగానితనం అంటున్నా. కాదంటే చెప్పండి.

స్పానర్ (వరంగల్)
అన్నా, వరిని మార్చలేదని ఎవరన్నారు? పొట్టి రకాలు ఎరువు వేసినా పడిపోకుండా ఉండటానికి వచ్చినా హార్వెస్టర్‌కే బాగా కలిసొచ్చాయి. గట్లు తీసి మడులు కలిపింది ఎవరి కోసం మరి?

అసలు చిక్కు వేరే ఉంది. వరి చేనంతా ఒకేసారి పండుతుంది, మొదలు కోసి లోపలికి లాగేస్తే సరి. పత్తిలో కింది కొమ్మ కాయ పగిలేసరికి పై కొమ్మ మీద ఇంకా పూత ఉంటుంది. పగిలినదాన్ని లాగాలి, పచ్చికాయను వదలాలి, కొమ్మ విరగకూడదు. మీ ఇంట్లో ఆడవాళ్ల వేళ్లు చూడకుండానే చేసే పని అది. ఇనుముకు నేర్పడానికి ఎన్నేళ్లు పట్టిందో వినండి.

అమెరికాలో జాన్ రస్ట్ అనే ఆయనకు 1927లో ఓ రాత్రి, వాళ్లింటి అవ్వ రాట్నం కదురును తడిపి వడకడం గుర్తొచ్చింది. తడి ఇనుముకు పత్తి అంటుకుంటుంది. అదే సూత్రం మీద యంత్రం కట్టి 1936లో మిసిసిపీ రాష్ట్రంలోని స్టోన్‌విల్‌లో నడిపి చూపించాడు. ఆయనది నున్నటి కదురు. పెద్ద కంపెనీలు గరుకు పళ్ల కదురు వాడాయి. ఇప్పటి మిషన్‌లో వేలెడంత కదుళ్లు వందల కొద్దీ గిర్రున తిరుగుతూ మొక్కలోకి దూరతాయి, పగిలిన కాయలోని పత్తిని చుట్టుకుంటాయి. పక్కనే ఉన్న రబ్బరు బిళ్లలు దాన్ని విప్పి వదిలేస్తే, గాలి ఊది పై బుట్టలోకి పంపుతుంది.

ఇంత జరిగాక కూడా అక్కడి పత్తి దాదాపు మొత్తం మిషన్ కిందికి వచ్చింది 1960ల చివరికే. కలుపు మందులు, ఆకు రాల్చే మందులు, అందుకు తగ్గ రకాలు వచ్చిందాకా ఆగాల్సి వచ్చింది. మీ చేలో మొక్క ఛాతీ ఎత్తున, గొడుగులా పరుచుకుని ఉంటుంది కదా? కదుళ్ల మధ్య సందులోకి దాన్ని అదిమితే కొమ్మలు ఫట్‌మంటాయి. అది డిజైన్ తప్పు కాదు.

దూదిబస్తా (గుంటూరు)
మీరిద్దరూ చేను గట్టు మీదే ఆగిపోయారండీ. నేను పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. ఆమధ్య ఒకాయన ఆకు రాల్చకుండానే చేతిమిషన్‌తో తీసిన పత్తి తెచ్చాడు. గుప్పెడు తీసి అరచేతిలో విప్పితే దూది మీద మిరియాల పొడి చల్లినట్టుంది. ఎండాకు నలిగి పొడైపోయింది. ఆకు పెద్దముక్కగా ఉంటే దులిపితే పోతుంది, పొడైతే దారం దాకా వెంటే వస్తుంది. మన మిల్లుల్లో ఎక్కువగా ఉన్నవి చేత్తో ఏరిన పత్తికి సరిపోయే డబుల్ రోలర్ జిన్నులు. ముందు శుభ్రం చేసే మిషన్లు పెట్టకుండా చేలోకి మాత్రం మిషన్ దింపితే, కూలీలో మిగిలింది ధరలో పోతుంది. పైగా తడి కదురు అంటున్నారు. తేమ 12 శాతం దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ తీసుకోదు, తెలుసుగా.

స్పానర్
ఆ తడి లెక్కలోకి రాదండీ, తడిగుడ్డతో తుడిచినంతే. పొద్దున్నే మంచులో తీస్తేనే తేమ సమస్య. చెత్త సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా.

లబ్బక్ నుంచి
టెక్సాస్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ చాలా చేలల్లో కదురు మిషన్ వాడరు. బ్రష్షులు, రబ్బరు పట్టీలు ఉన్న రోలర్లతో కాయ డొప్పలతో సహా దూసేస్తారు, స్ట్రిప్పర్ అంటారు. మిషన్ తేలిక, ఖర్చు తక్కువ, మొక్క పొట్టి. ఆకు రాల్చడానికి మందులు ఉన్నా, మంచు గడ్డకట్టే చలి వస్తే ఆకు దానంతటదే చస్తుంది. ఆదిలాబాద్ చలి ఎంతైనా ఆ పని చేయదు కదా అన్నా! దూసుకొచ్చిన డొప్పలూ పుల్లలూ వేరు చేయడానికి ఇక్కడి జిన్నుల్లో పెద్ద ఏర్పాటే ఉంటుంది.

మూడో తీత
మా అమ్మ పత్తి ఏరి నన్ను డిగ్రీ చదివించింది. మొదటి తీతలో ఒడి తొందరగా నిండుతుంది, కిలో లెక్కన నాలుగు డబ్బులొస్తాయి. మూడో తీతకొచ్చేసరికి చెట్టుకు నాలుగు కాయలు, ఎండిన డొప్ప మొనలు గోటి పక్కన గుచ్చుకుంటాయి. ఆ తీతకు ఎవరూ రారు, మీరంతా కూలీలు దొరకట్లేదని రాసేది అప్పుడే. మొదటి తీత కూడా మిషన్‌కే ఇస్తే మాకు మిగిలేదేంటి?

ఇంకో మాట. నడుముకు పది కిలోల ఒడి కట్టుకుని గట్టు దాకా నడిచి పోసి రావాలి, రోజుకు ఎన్నిసార్లో. సాలులో వెంట లాక్కెళ్లే ఒంటి చక్రం బండి ఒక్కటి ఇవ్వమనండి మీ ఇంజనీర్లను. డిజైన్ అంటే ఏనుగంత మిషనే కావాలా?

నల్లరేగడి
చెల్లె చెప్పింది సూటిగ తగిలింది. ఆ బండి సంగతి మా ఊరి వెల్డింగ్ షాపాయనను అడుగుత. సైకిల్ చక్రంతో అయితదేమో.

స్పానర్ తమ్ముడూ, నాది నల్లరేగడి. వాన మంచిగ పడితే మొక్క ఆగదు.

స్పానర్
అయితే మీ బామ్మర్దికి అదే చెప్పండి. ఆ దగ్గర దగ్గర మొక్కలు తేలిక, మధ్యరకం నేలల్లోనే కుదురుగా ఉంటాయి. మీ నేలలో ఎదుగుదల ఆపే మెపిక్వాట్ క్లోరైడ్ సమయం తప్పకుండా కొట్టాలి. ఒక్క వారం ముసురు పట్టి స్ప్రే తప్పిందా, మిషనూ దూరదు, మనిషీ దూరడు. చల్క లాంటి తేలిక నేల ఏమన్నా ఉందా?

నల్లరేగడి
వాగు అవతల ఎకరంన్నర ఉంది. సరే, వాణ్ని దాంట్లనే పెట్టుకోమంట. కాయ తొలిచే గులాబీ పురుగు ముదరకముందే తీత అయిపోతదన్న ఆశ నాకూ ఉంది, కాదన. కని మిషన్ తిరగడానికి సాలు చివర ఎన్ని గజాలు వదలాలె? ఎకరంన్నరల రెండు పక్కలా వదిలితే పత్తి యాడ పెట్టాలె?